చీలికకు ఐదు సెంటీమీటర్ల పైన

కోవిడ్ రెండో వేవ్ వచ్చేసరికి తెలుగు ఇళ్లలో ఒక అంకె అందరి నోళ్లలో నానింది. "మామయ్యకు సీటీ స్కోరు పద్దెనిమిదట" అంటే, ఎంతకు పద్దెనిమిది అని అడిగే పని లేకపోయింది. రెండు ఊపిరితిత్తుల్లో కలిపి 5 లోబ్‌లు, ఒక్కోదానికి 5 మార్కులు, మొత్తం 25. మార్కులు తక్కువ రావాలని ఇల్లంతా దేవుడికి మొక్కుకున్న పరీక్ష అదొక్కటే అయ్యుంటుంది.

అదే మామయ్య గొంతులో ట్యూబు పడి వెంటిలేటర్ మీదికి వెళ్లాక ఆ స్కోరు ఊసు ఆగిపోయేది. ఆ స్థితిలో మనిషిని సీటీ గదిదాకా తీసుకెళ్లి తేవడమే ఒక గండం. అందుకని ఎక్స్‌రే యంత్రమే చక్రాల మీద మంచం దగ్గరికి వచ్చేది. ఐసీయూ తలుపు దగ్గర డ్యూటీ డాక్టరు ఆ ఫిల్ము చూపించి, "నిన్నటికంటే కొంచెం తెల్లబడింది" అని రెండు ముక్కలు చెప్పి లోపలికి వెళ్లిపోయేవారు. కోవిడ్ వార్డులు ఎత్తేశారు కానీ ఆ తలుపూ ఆ మాటా అలాగే ఉన్నాయి. గుండె ఆపరేషన్ అయినవాళ్ల బంధువులూ, పురుగుమందు తాగినవాళ్ల బంధువులూ, రోడ్డు ప్రమాదాల కేసులవాళ్లూ ఇప్పటికీ అదే వింటున్నారు.

తెలుపు అన్న మాట చెవిన పడగానే ఇంటివాళ్ల ధ్యాసంతా దానిమీదికే పోతుంది. తెలిసినవాళ్లు ఆ ఫిల్మును వేరే వరసలో చదువుతారు. ముందు ట్యూబు కొస ఎక్కడుందో కొలుస్తారు. తర్వాత మిగతా గొట్టాలు చూస్తారు. ఆ తర్వాత, ఉండకూడని చోట గాలి చేరిందా అని వెతుకుతారు. తెలుపు సంగతి చివర. మంచం మీద తీసిన ఎక్స్‌రే దూరాలు కొలవడానికి బాగా పనికొస్తుంది, జబ్బు పేరు చెప్పమంటే మాత్రం తడబడుతుంది. ఎంత తడబడుతుందో కూడా లెక్కగట్టి ఉంచారు.

ఐదు ఎందుకు?

పెద్దవాళ్లలో శ్వాసనాళం పొడవు 10 నుంచి 12 సెం.మీ. స్వరపేటిక కింద మొదలై, ఛాతీ మధ్యలో రెండు కొమ్మలుగా చీలుతుంది. డాక్టర్లు కెరైనా అనే ఆ చీలికే ఈ కథనమంతటికీ మైలురాయి. మెడ వంగకుండా, వెనక్కి వాలకుండా తిన్నగా ఉన్నప్పుడు ట్యూబు కొస ఈ చీలికకు సుమారు 5 సెం.మీ. పైన ఉండాలి. అటూ ఇటూ 2 సెం.మీ. వెసులుబాటు ఉంది. 3 నుంచి 7 మధ్య ఎక్కడున్నా కంగారు లేదు.

అంతకన్నా కిందికి జారితే ఏమవుతుందో చీలిక ఆకారం చూస్తే అర్థమవుతుంది. కుడి కొమ్మ పొట్టిది, సుమారు 2.5 సెం.మీ. వెడల్పు ఎక్కువ. నిలువు గీతకు దాదాపు 25 డిగ్రీల వాలులోనే దిగుతుంది కాబట్టి శ్వాసనాళానికి కొనసాగింపులాగే ఉంటుంది. ఎడమ కొమ్మ సుమారు 5 సెం.మీ. పొడవుండి, 45 డిగ్రీల వరకు పక్కకు తిరుగుతుంది. అందుకే లోతుకు పోయిన ట్యూబు చాలావరకు కుడివైపే దూరుతుంది. అప్పుడు వెంటిలేటర్ పంపే గాలంతా ఒక్క కుడి ఊపిరితిత్తికే పోతుంది. అది అతిగా ఉబ్బి చిట్లే ప్రమాదం ఉంది. గాలి అందని ఎడమది ముడుచుకుపోయి ఫిల్ము మీద తెల్లగా కనిపిస్తుంది, గుండె నీడ కూడా అటువైపు జరుగుతుంది. ట్యూబు ఇంకొంచెం కిందికి పోతే కుడి పై లోబ్‌కు వెళ్లే దారి కూడా మూసుకుపోతుంది. ఆ దారి చీలిక దాటిన కాస్త దూరంలోనే పక్కకు విడిపోతుంది మరి.

ఇలాంటి ఫిల్ములో తెలుపును ముందు చూసినవాళ్లకు అది నెమ్ములా తోస్తుంది. యాంటీబయాటిక్ మారుతుంది, బిల్లు పెరుగుతుంది. కొసను ముందు చూసినవాళ్లు ట్యూబును రెండు మూడు సెంటీమీటర్లు పైకి లాగి, మళ్లీ ప్లాస్టర్ వేసి, కాసేపాగి ఇంకో ఫిల్ము తీయిస్తారు.

పైకి జారినా చిక్కే. ట్యూబు చివర చుట్టూ గాలితో ఉబ్బే చిన్న బెలూన్ ఉంటుంది, దాన్ని కఫ్ అంటారు. కొస మరీ పైనుంటే ఆ కఫ్ స్వరతంత్రుల మధ్యకు వచ్చి వాటిని నొక్కుతుంది. రోగి గట్టిగా దగ్గినా, నర్సులు పక్క మార్చినా ట్యూబు ఊడి చేతికొస్తుంది. ఫిల్ములో కొస కాలర్ ఎముకల కన్నా పైన కనిపిస్తే అందుకే వెంటనే సరిచేస్తారు.

ఫిల్ము వచ్చేలోపు చేతిలో ఉండే కొలత ట్యూబు మీద అచ్చువేసిన సెంటీమీటర్ల గుర్తులే. పై పళ్ల దగ్గర స్త్రీలకు 21, పురుషులకు 23 కనిపించేలా బిగించడం పాత లెక్క. ఈ లెక్క ఎంత పనికొస్తుందో 2010లో వియన్నా డాక్టర్లు 160 మంది రోగులతో పరీక్షించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. ట్యూబు ఒక కొమ్మలోకి పోయిన సంగతిని స్టెతస్కోపుతో రెండు వైపులా విని పట్టుకోగలిగింది నూటికి 65 సార్లు. ఛాతీ రెండు వైపులా సమంగా లేస్తోందా అని చూసి పట్టుకున్నది 43 సార్లు. పళ్ల దగ్గర అంకె చూసి పట్టుకున్నది 88 సార్లు. మూడూ కలిపి చూస్తే ఒక్కటీ తప్పించుకోలేదు. మొదటి ఏడాది ట్రైనీలు స్టెతస్కోపు ఒక్కదాన్నే నమ్ముకున్నప్పుడు నూటికి 55 సార్లు పొరబడ్డారు. ఆ పరిశోధకులు చివరికి పాత లెక్కను కూడా ఒక్కో సెంటీమీటరు తగ్గించి, స్త్రీలకు 20, పురుషులకు 22 చాలన్నారు. మెడలో స్టెతస్కోపు వేసుకున్న మనిషి మీద మనకుండే గురికి ఈ అంకెలు కొంచెం ఇబ్బందికరమైనవే.

ట్యూబు లావు సంగతి ఒక్క మాటలో. స్త్రీలకు సాధారణంగా 7 నుంచి 7.5 మి.మీ., పురుషులకు 7.5 నుంచి 8 మి.మీ. లోపలి వ్యాసం ఉన్నది వాడతారు. ఫిల్ములో అది శ్వాసనాళం వెడల్పులో సగం నుంచి మూడింట రెండొంతులు ఆక్రమించాలి. కఫ్ నాళం గోడలను బయటికి తోస్తున్నట్టు కనిపిస్తే అందులో గాలి ఎక్కువైనట్టే. కఫ్‌లో ఒత్తిడి 20 నుంచి 30 సెం.మీ. నీటిమట్టం మధ్య ఉండాలి. అది దాటితే గోడ లోపలి పొరకు రక్తం అందదు.

మెడ కదిలితే లెక్క మారుతుంది

ఇప్పటిదాకా చెప్పిన 5లో ఒక మెలిక ఉంది. ట్యూబును నోటి దగ్గర ప్లాస్టరుతో బిగిస్తారు, కొస మాత్రం ఛాతీలో స్వేచ్ఛగా ఉంటుంది. గడ్డం ఛాతీవైపు వంగితే కొస సుమారు 2 సెం.మీ. కిందికి దిగుతుంది. తల వెనక్కి వాలితే సుమారు 2 సెం.మీ. పైకి వస్తుంది. 1976లోనే ఎక్స్‌రేలు తీసి కొలిచిన సంగతి ఇది. రెండు కొసల మధ్య తేడా 4 సెం.మీ. దాకా వస్తుంది. శ్వాసనాళం మొత్తం పొడవులో అది మూడో వంతుకు పైనే.

ఇద్దరు రోగుల ఫిల్ములు పక్కపక్కన పెట్టామనుకోండి. ఇద్దరికీ కొస చీలికకు సరిగ్గా 3 సెం.మీ. పైన ఉంది. మొదటి మనిషి తల కింద రెండు దిండ్లున్నాయి, గడ్డం ఛాతీకి ఆనుతోంది. దిండ్లు తీస్తే ఆయన ట్యూబు 5 దగ్గరికి వస్తుంది, ముట్టుకోనక్కర్లేదు. రెండో ఆమె తల వెనక్కి వాలి ఉంది. ఎవరైనా తల కింద దిండు పెట్టగానే ఆ 3 కాస్తా 1కి, ఇంకా తక్కువకు దిగిపోతుంది. పక్క మార్చేటప్పుడు మెడ ఇంకాస్త వంగితే కొస కుడి కొమ్మలోకి జారుతుంది. రెండు ఫిల్ముల మీదా కొలత ఒకటే, చెయ్యాల్సిన పని మాత్రం వేరు.

మెడ ఎలా ఉందో ఫిల్మే చెబుతుంది. కింది దవడ నీడ మెడలోని 5, 6 వెన్నుపూసల మీద పడితే మెడ తిన్నగా ఉన్నట్టు. ఛాతీ మొదటి వెన్నుపూస దాకా దిగితే వంగినట్టు. మెడ నాలుగో పూసకన్నా పైనుంటే వెనక్కి వాలినట్టు. ఫిల్ములో దవడే పడకపోతే, తీసిన టెక్నీషియన్‌నో దగ్గరున్న నర్సునో అడగాలి. చాలా రిపోర్టుల్లో ఈ ముక్క ఉండదు. "ట్యూబు సరైన స్థానంలో ఉంది" అన్న వాక్యం కన్నా "మెడ తిన్నగా ఉండగా చీలికకు 4 సెం.మీ. పైన" అన్న వాక్యం పదిరెట్లు ఉపయోగం అని నా అభిప్రాయం.

కొన్ని ఫిల్ముల్లో చీలిక మసకగా ఉండి దొరకదు. అప్పుడు వెన్నుపూసలు లెక్కపెట్టుకోవాలి. మంచం మీద తీసిన ఫిల్ముల్లో నూటికి 95 మందికి చీలిక ఛాతీ 5, 6, 7 వెన్నుపూసల్లో ఒకదాని మీదే పడుతుంది. కాబట్టి ట్యూబు కొస మూడో పూస దగ్గరో, నాలుగో పూస దగ్గరో కనిపిస్తే చాలావరకు నిశ్చింతగా ఉండొచ్చు.

నెలలు నిండి పుట్టిన పసికందుకైతే శ్వాసనాళం మొత్తం పొడవు సుమారు 4 సెం.మీ. మాత్రమే. పెద్దవాళ్లకు మనం ఇచ్చిన వెసులుబాటు అంతా కలిపితే అంత. అక్కడ అరసెంటీమీటరు కూడా లెక్కే. పెదవి దగ్గర ఎంత లోతు అన్నదానికి నర్సరీల్లో వాడే సూత్రం చాలా చిన్నది. కిలోల్లో బరువుకు 6 కలపాలి. 3 కిలోల బిడ్డకు 9 సెం.మీ.

ఎక్స్‌రే చెప్పలేని ఒక సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ట్యూబు అసలు శ్వాసనాళంలో పడిందా, దాని వెనకే ఉన్న అన్నవాహికలో పడిందా అన్నది ముందువైపు నుంచి తీసిన ఫిల్ములో తెలియకపోవచ్చు. రెండూ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, నీడలు కలిసిపోతాయి. ఆ ప్రశ్నకు జవాబు ఊపిరితో బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే క్యాప్నోగ్రఫీ ఇస్తుంది. 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం కనీసం 7 శ్వాసల పాటు ఆ గీత నిలకడగా కనిపించాలి. ఫిల్ము వచ్చేదాకా ఆగే వ్యవధి అక్కడ ఉండదు. ఆక్సిజన్ అందని మెదడు దెబ్బతినడానికి కొద్ది నిమిషాలు చాలు.

మిగతా గొట్టాలకూ అదే మైలురాయి

మెడ దగ్గర సిరలో వేసే సెంట్రల్ లైన్ కొస గుండె పై గది ముఖద్వారం దగ్గర ఉండాలి. ఆ ముఖద్వారం చీలికకు సుమారు 4 సెం.మీ. కింద ఉంటుంది. ఒక వెన్నుపూస, దాని కింది డిస్కు కలిపితే 2 సెం.మీ. పైచిలుకు కాబట్టి, చీలిక నుంచి రెండు పూసలు దిగితే ఆ చోటు. స్కేలు లేనివాళ్లకు ఇది చేతికందే కొలత.

ముక్కులోంచి పొట్టలోకి వేసే రైల్స్ ట్యూబు సంగతి దగ్గర కాస్త ఆగాలి. దానిగుండా పాలు, జావ, మందులు పోతాయి. అది దారితప్పి ఊపిరితిత్తిలోకి పోయి, ఎవరూ గమనించకుండా పాలు ఎక్కిస్తే ప్రాణాంతకం. స్పృహలో ఉన్న మనిషికైతే దగ్గు ముంచుకొస్తుంది. మత్తులో, వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి ఆ దగ్గు కూడా రాకపోవచ్చు. గొంతులో కఫ్ ఉబ్బి ఉంది కదా, పక్కనుంచి ఇంకో గొట్టం ఎలా దూరుతుంది అనిపిస్తుంది. దూరుతుంది.

బ్రిటన్‌లో రోగుల భద్రతను చూసే సంస్థ 2011లో దీనిపై ఒక హెచ్చరిక ఇచ్చింది. 2005 సెప్టెంబరు నుంచి 2010 మార్చి వరకు ఇలా దారితప్పిన గొట్టాల వల్ల 21 మరణాలు, 79 హాని జరిగిన ఘటనలు తమ దృష్టికి వచ్చాయని చెప్పింది. అందులో 45 ఘటనల్లో, 12 మరణాల్లో ఎక్స్‌రే తీశారు, చూశారు, తప్పుగా చదివారు. ఈ లెక్క చదివినప్పుడల్లా నాకు ఫిల్ము తీయని ఘటనలకన్నా తీసి పొరబడినవే ఎక్కువ కలవరం కలిగిస్తాయి. పొట్టలోంచి లాగిన ద్రవం పీహెచ్ 5.5 లేదా అంతకన్నా తక్కువ ఉంటే గొట్టం పొట్టలో ఉన్నట్టే అనేది అక్కడి మొదటి పరీక్ష. అది కుదరకపోతేనే ఫిల్ము. ఫిల్ములో నాలుగు చూస్తారు. గొట్టం అన్నవాహిక దారిలోనే దిగుతోందా, చీలిక దగ్గర ఏ కొమ్మవైపూ తిరగకుండా నడిమధ్య దాటిందా, డయాఫ్రంను మధ్యగీతలోనే దాటిందా, కొస ఎడమ డయాఫ్రం కింద కనిపిస్తోందా. నాలుగూ అవునంటేనే పాలు.

నీడ పెద్దదైతే గుండె పెద్దదైనట్టేనా?

నడవగలిగిన మనిషి ఎక్స్‌రే గదిలో ఛాతీని ప్లేటుకు ఆనించి నిలబడతాడు. కిరణాలు వీపువైపు నుంచి 180 సెం.మీ. దూరం నుంచి వస్తాయి. ఐసీయూ రోగికి ప్లేటు వీపు కింద పెడతారు, కిరణాలు ముందునుంచి సుమారు 100 సెం.మీ. దూరం నుంచి వస్తాయి. గుండె ఛాతీలో ముందువైపు ఉంటుంది కాబట్టి మంచం మీద అది ప్లేటుకు దూరమై, యంత్రానికి దగ్గరవుతుంది. కరెంటు పోయిన రాత్రి చెయ్యి దీపానికి దగ్గరగా జరిపితే గోడ మీద నీడ పెరుగుతుంది కదా, అదే ఇది.

లెక్క వేసి చూద్దాం. గుండె ప్లేటుకు 15 సెం.మీ. ఎత్తులో ఉందనుకుంటే నీడ 100ను 85తో భాగించినన్ని రెట్లు, అంటే దాదాపు 18 శాతం పెద్దదవుతుంది. నిలబడి తీసిన ఫిల్ములో గుండె ప్లేటుకు 6 సెం.మీ. దూరంలో ఉందనుకుంటే 180ని 174తో భాగించాలి, పెరుగుదల మూడున్నర శాతం లోపే. 12 సెం.మీ. గుండె ఒకచోట 12.4గా, ఇంకోచోట 14గా కనిపిస్తుంది. గుండె వెడల్పు ఛాతీ వెడల్పులో 50 శాతం దాటకూడదన్న నియమం నిలబడి తీసిన ఫిల్ముకోసం పుట్టింది. దాన్ని మంచం మీది ఫిల్ముకు తెచ్చి "గుండె పెద్దదైంది" అని చెప్పడం అన్యాయం. పడుకున్నప్పుడు డయాఫ్రం పైకి జరిగి ఛాతీ పొట్టిగా కనబడటం దీనికి అదనం.

వెంటిలేటర్ కూడా చిత్రాన్ని మారుస్తుంది. ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో నిలిపి ఉంచే ఒత్తిడిని పీప్ అంటారు. దాన్ని పెంచితే ఊపిరితిత్తులు ఇంకాస్త విచ్చుకుంటాయి, ఫిల్ము నల్లబడుతుంది. నిన్న 5, ఇవాళ 12 పెట్టి తీస్తే, జబ్బు అలాగే ఉన్నా ఫిల్ము మెరుగుపడినట్టు కనిపించొచ్చు. రేపు పీప్ తగ్గించగానే "మళ్లీ తెల్లబడింది" అన్న మాట తలుపు దగ్గరికి వస్తుంది.

ఇక తెలుపు

నీరు, చీము, రక్తం, ముడుచుకుపోయిన ఊపిరితిత్తి, అన్నీ ఫిల్ము మీద ఒకే రంగు. గాలి ఉండాల్సిన చోట గాలి లేదని మాత్రమే ఎక్స్‌రే చెబుతుంది. గాలి స్థానంలో ఏం చేరిందో చెప్పదు. పడుకున్న మనిషిలో ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు కూడా కింద మడుగు కట్టకుండా వెనకంతా పరుచుకుని పల్చటి తెరలా కనిపిస్తుంది. నిలబడి తీసిన ఫిల్ములో 200 మి.లీ. నీరు చేరినా మూల మొద్దుబారి దొరికిపోతుంది. పడుకోబెట్టి తీస్తే అంతకన్నా ఎక్కువే దాక్కోగలదు.

చదివేవాళ్లు ఎంత అనుభవజ్ఞులైనా ఈ చిక్కు పోదు. 1999లో ఛెస్ట్ పత్రికలో వచ్చిన ఒక పరీక్ష ఈ రంగంలో చాలామందిని నిద్ర లేపింది. రెండు ఊపిరితిత్తులూ ఒక్కసారిగా దెబ్బతినే ఏఆర్‌డీఎస్ అనే స్థితి మీద పరిశోధనలు చేసే 21 మంది నిపుణులకు 28 ఫిల్ములు ఇచ్చి, ఏవేవి ఆ నిర్వచనానికి సరిపోతాయో చెప్పమన్నారు. ఒక నిపుణుడికి 36 శాతం ఫిల్ములు సరిపోయాయి. ఇంకొకరికి 71 శాతం. పూర్తి ఏకాభిప్రాయానికి 1, గుడ్డిలెక్కకు 0 ఇచ్చే కప్పా అనే కొలత మీద వాళ్లకు వచ్చింది 0.55. వీళ్లు ఆ నిర్వచనాలు రాసే స్థాయివాళ్లు. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న పీజీ విద్యార్థి మాటను ఇక మనం ఎంత పట్టుకు వేలాడాలో ఆలోచించుకోవచ్చు.

అమెరికాలో సీడీసీ ఇంకో అడుగు ముందుకేసింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో వచ్చే కొత్త సమస్యల మీద నిఘా లెక్కల్లోంచి 2013లో ఎక్స్‌రేను తీసేసింది. రెండు రోజులు నిలకడగా ఉన్న మనిషికి ఆ తర్వాత పీప్ 3 సెం.మీ. నీటిమట్టమో, ఆక్సిజన్ 20 పాయింట్లో పెంచాల్సి వచ్చి, ఆ పెంపు రెండు రోజులు కొనసాగితే ఒక ఘటనగా లెక్క. ఆసుపత్రుల మధ్య పోలికకు ఫిల్ము మీద అభిప్రాయం కన్నా వెంటిలేటర్ మీది అంకె నయం అన్నది వాళ్ల తర్కం. మంచం దగ్గర వైద్యానికి మాత్రం ఫిల్మును ఎవరూ వదిలేయలేదు.

తెలుపును విప్పడానికి బాగా పనికొచ్చేది కాలం. కఫం గడ్డ అడ్డుపడి ముడుచుకున్న లోబ్ నిమిషాల్లో తెల్లబడుతుంది, సక్షన్ చేసి గడ్డ తీస్తే కొన్ని గంటల్లోనే నల్లబడొచ్చు. గుండె బలహీనపడి చేరిన నీరు, మూత్రం పోయే మందులిస్తే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. నెమ్ము రోజుల్లో పెరిగి వారాల్లో తగ్గుతుంది. ట్యూబు పడి 48 గంటలు గడిచాక కొత్తగా వచ్చినదాన్నే వెంటిలేటర్ వల్ల వచ్చిన నెమ్ము అంటారు. అందుకే ఒంటరి ఫిల్ముకు విలువ తక్కువ. నిన్నటిదీ మొన్నటిదీ పక్కన ఉండాలి.

మన దగ్గర ఈ తేడాలు రోజూ ఎదురయ్యేది పురుగుమందు కేసుల్లో. వరంగల్‌లోని ప్రభుత్వాసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందు విషంతో చేరిన పెద్దవాళ్లు 8 వేలకు పైనే. వాళ్లలో 22.6 శాతం మంది చనిపోయారు. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందు ఊపిరితిత్తుల్లో నురగలా స్రావాలు ఊరేలా చేస్తుంది. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు, ఊపిరి కండరాలు చచ్చుబడే దశ ఉంటుంది, తేరుకుంటున్నాడనుకున్న మనిషికి మళ్లీ ట్యూబు పడేది అప్పుడే. మొదటి గంటల్లో కనిపించిన తెలుపు స్రావాలది కావచ్చు. ఆరేడు గంటలకు కుడి కింది భాగంలో వచ్చినది లోపలికి పోయిన వాంతిది కావచ్చు. నాలుగో రోజు జ్వరంతో పాటు వచ్చినది నెమ్ము కావచ్చు. ఒకే మనిషి, మూడు తెలుపులు, మూడు వైద్యాలు.

పడుకున్న మనిషిలో దాగే గాలి

ఊపిరితిత్తి చిట్లి బయటికొచ్చిన గాలి, నిలబడ్డ మనిషిలో పైకి, భుజాల కిందికి చేరుతుంది. పడుకున్న మనిషిలో అన్నిటికన్నా ఎత్తైన చోటు ఛాతీ ముందుభాగం, డయాఫ్రం పైభాగం. గాలి అక్కడికి పోతుంది. అలవాటుగా భుజాల కింద వెతికే కన్నుకు అది దొరకదు. 1985లో 88 మంది తీవ్ర రోగుల్లోని 112 గాలి చేరికలను పరిశీలిస్తే 30 శాతం మొదట చూసినప్పుడు పట్టుబడలేదు. పక్కటెముకలకూ డయాఫ్రంకూ మధ్యనున్న మూల ఒకవైపు మరీ లోతుగా, మరీ నల్లగా కనిపించడం ఒక ఆనవాలు. దుప్పటి ముడత, చర్మం మడత కూడా గాలి అంచులా గీత గీసి భయపెడతాయి.

ఈ పని అల్ట్రాసౌండ్ బాగా చేస్తుంది. గాయాలతో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ల మీద జరిగిన అధ్యయనాలను 2020లో కాక్రేన్ సంస్థ కలిపి చూసింది. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రే ఈ గాలిని 47 శాతం సార్లు పట్టుకుంటే అల్ట్రాసౌండ్ 91 శాతం సార్లు పట్టుకుంది. వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి ఉన్నట్టుండి బీపీ పడిపోయి, ఛాతీ ఒకవైపు లేవకపోతే ఫిల్ముకు చీటీ రాయడం కాదు, సూది గుచ్చి గాలి తీయడం ముందు పని.

రోజూ తీయాలా?

తెల్లవారుజామున ఐసీయూలో ట్యూబు ఉన్న ప్రతి మంచానికీ ఫిల్ము తీయడం చాలాకాలం ఆచారంగా నడిచింది. ఫ్రాన్స్‌లోని 21 ఐసీయూల్లో 849 మంది రోగుల మీద దీన్ని పరీక్షించి 2009లో లాన్సెట్‌లో ప్రచురించారు. రోజూ తీసిన 424 మందికి 4,607 ఫిల్ములయ్యాయి. అవసరం పడ్డప్పుడే తీసిన 425 మందికి 3,148. మూడో వంతు దాకా తగ్గాయి. వైద్యంలో ఏదో ఒక మార్పుకు దారితీసిన ఫిల్ములు ఎన్ని అని లెక్కేస్తే మొదటి గుంపులో 728, రెండో గుంపులో 729. వెంటిలేటర్ మీద గడిపిన రోజుల్లో గానీ, మరణాల్లో గానీ తేడా లేదు.

రేడియేషన్ భయం ఇక్కడ అసలు వాదన కాదు. ఒక ఛాతీ ఎక్స్‌రే మోతాదు సుమారు 0.02 మిల్లీసీవర్ట్‌లు. ప్రకృతిలోంచి మనందరికీ ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు ఎలాగూ అందుతాయి. మూడు రోజుల సహజ మోతాదుతో ఒక ఫిల్ము సమానం. కానీ ప్రతి ఫిల్ముకూ నలుగురు కలిసి మనిషిని లేపి వీపు కింద ప్లేటు దూర్చాలి. ట్యూబు కదిలేదీ, లైన్లు లాగుకుపోయేదీ ఆ లేపడంలోనే. పైగా ప్రశ్న లేకుండా తీసిన ఫిల్ములో ఏదో ఒక మసక దొరుకుతుంది, దానికో మందు మొదలవుతుంది. ట్యూబు వేశాక, మార్చాక, కొత్త లైన్ వేశాక, ఆక్సిజన్ ఉన్నట్టుండి పడిపోయినప్పుడు తప్పకుండా తీయాలి. మిగతా రోజుల్లో ఎందుకు తీస్తున్నారని అడిగే హక్కు ఇంటివాళ్లకు ఉంది.

ఇంత అయ్యాక ఆ ఫిల్ము ఫోటో వాట్సాప్‌లో డాలస్‌లోనో లండన్‌లోనో ఉన్న డాక్టరు బావగారికి వెళ్లకుండా ఉండదు. వెళ్లనివ్వండి, కానీ ఒంటరి ఫోటోకు ఆయన చెప్పగలిగింది తక్కువ. మానిటర్‌ను ఏటవాలుగా తీసిన ఫోటోలో కొలతలు సాగిపోతాయి, తెలుపు నలుపులు మారిపోతాయి. ఎడమ కుడి గుర్తు ఫోటోలో పడేలా, అద్దం మెరుపు లేకుండా, ఎదురుగా నిలబడి తీయండి. నిన్నటి ఫిల్మును కూడా జత చెయ్యండి. ఫిల్ము తీసిన గంట, తల ఎత్తులో ఉందా చదునుగా ఉందా, పీప్ ఎంత, ఆక్సిజన్ ఎంత శాతం, పళ్ల దగ్గర ట్యూబు మీద ఏ అంకె కనిపిస్తోంది, ఈ అయిదూ డ్యూటీ నర్సు దగ్గర చార్టులో ఉంటాయి. అడిగి కింద టైపు చేసి పంపండి.